తలాపు కాడి సీనరీ

కోరుట్లలో నా స్టూడియోకు ఎవరైనా వచ్చి సీనరీ పెద్దగా వేయించుకోవాలంటే నేను ముందు ఫొటో చూడను. ఏ గోడకు పెడతారు, ఆ గోడకు ఎదురుగా మనిషి ఎంత దూరంలో ఉంటాడు, కూర్చొని చూస్తాడా, పడుకొని చూస్తాడా అని అడుగుతాను. కొందరు నవ్వుతారు. ఈయన ఫొటోగ్రాఫరా, మేస్త్రీయా అని ఒకాయన నా ముందే భార్యతో అన్నాడు. అననీ. గోడ సంగతి తెలుసుకోకుండా నేను ఒకే ఒక్క సీనరీ వేయించాను. అది మా అన్న కోసం వేయించింది.

అన్న నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. గల్ఫ్‌కు పోయి అప్పటికి పన్నెండేళ్లయింది. రెండేళ్లకోసారి రెండు నెలలు ఇంటికి వచ్చేవాడు. వదిన, బిడ్డ కథలాపూర్ దాటాక ఉన్న మా ఊళ్లోనే ఉండేవాళ్లు. నేను కోరుట్లలో స్టూడియో పెట్టుకున్నాను. పెళ్లిళ్లు ఉన్నా లేకున్నా మా దిక్కు స్టూడియోలను నిలబెట్టేవి పాస్‌పోర్టు ఫొటోలే. గడ్డం పైకెత్తు, చెవులు రెండూ కనిపించాలి అని చెప్పి పోయేవాళ్ల ముఖాలు తీసి పంపడమే నా పని. ఖాళీ దొరికితే బండేసుకొని గుట్టలు, కుంటలు, బీర్పూర్ దిక్కు గోదావరి ఫొటోలు తీసుకునేవాణ్ని. వాటిని ఎవరూ కొనేవాళ్లు కాదు. నాకు అవే ఇష్టం.

నేను కూడా పోతాననే అన్న అనుకున్నాడు. తన కంపెనీలోనే నాకు వీసా తీశాడు. నేను పోనన్నాను. ఫోన్‌లో చాలాసేపు అరిచాడు.

"సీనరీలు తీసుకుంట గుట్టలెంబడి తిరుగుతవా? గా గుట్టలు నీకు బువ్వ పెడ్తయా?"

"పెట్టకపోతె పెట్టకపాయె" అన్నాను.

ఆ తర్వాత రెండేళ్లు మా మధ్య మాటలు తగ్గాయి. పండుగ పూట వదిన తన ఫోన్ నా చేతికిస్తే మంచిగున్నవా అంటే మంచిగున్నవా అనుకొని పెట్టేసేవాళ్లం. నాకు పట్టింపు లేదని అందరికీ చెప్పేవాణ్ని. అది అబద్ధం. ఆ మాట నాకు లోపల గట్టిగానే తగిలింది.

సకల జనుల సమ్మె మొదలైన కొన్నాళ్లకు అన్న తనంతట తాను ఫోన్ చేశాడు. రెండేళ్లలో అదే మొదటిసారి.

"తమ్మీ, షాపు నడుస్తున్నదా?"

"షాపేంది అన్నా, బందులు నడుస్తున్నయి."

నవ్వాడు. "మన చెల్క సీనరీ ఒకటి తీసి పంపుతవా? గుట్ట, కుంట అన్నీ కనవడాలె. తలాపు కాడ పెట్టుకుంట" అన్నాడు.

గుట్టలు బువ్వ పెడతాయా అన్న మనిషి గుట్ట ఫొటో అడుగుతున్నాడు. "ఎంత సైజు?" అని మాత్రం అడిగాను.

"చిన్నగనే పంపు. జర చిన్నగ."

తలాపు కాడ అనగానే నా కళ్ల ముందుకు మా ఊరి ఇంట్లో మంచం, తల పెట్టే దిక్కున సున్నం వేసిన ఎత్తైన గోడ వచ్చాయి. అన్న రూం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. మంచిగనే ఉన్నది, ఏసీ ఉన్నది అని పన్నెండేళ్లుగా అదే మాట చెప్పేవాడు. గల్ఫ్ నుంచి వచ్చే ఏ మనిషీ రూం గురించి అంతకు మించి చెప్పడు. ఇంటి దగ్గరివాళ్లు అడగరు. వచ్చినవాడి పని గురించి, సెలవు గురించి, తెచ్చిన సామాను గురించి ఊరంతా అడుగుతుంది కానీ ఎక్కడ పడుకుంటున్నవు అని అడగడం మా దగ్గర మర్యాద కాదు. నేనూ మర్యాదస్తుడినే కాబట్టి అడగలేదు.

అన్న రూంలోనే ఉండే ఎల్లారెడ్డిపేట ఆయన ఒకాయన సెలవు మీద వచ్చి ఉన్నాడు. తొమ్మిది రోజుల్లో తిరిగి పోతాడు, ఆయనకిచ్చి పంపమన్నాడు అన్న. మా దిక్కు పచ్చళ్లు, సకినాలు, మందు గోలీలు అన్నీ అట్లనే పోతాయి. పోయేవాడి సంచిలో పది ఇండ్ల సామాను ఉంటుంది.

మరునాడు తెల్లవారేసరికి ఊరి బయట మా చెల్క చేనులో ఉన్నాను. తూర్పు గట్టు మీద స్టాండు పెట్టాను. ముందు పసుపు సాళ్లు, వాటి వెనక మక్క కోసిన నేల, కుంట, కుంట కట్ట మీద మూడు తాటిచెట్లు, అన్నిటి వెనక గుట్ట. వానలు అప్పుడే వెనకబట్టాయి. గుట్ట రాళ్లు కూడా కడిగినట్టు ఉన్నాయి. ఎండ నా వీపు మీద పడుతోంది. చాలా ఫొటోలు తీశాను. వాటిలో ఒకటి అన్నిటికంటే బాగా వచ్చింది. అటువంటిది నేను అంతకు ముందు తీయలేదు. ఆ తర్వాత కూడా తీయలేదు.

దాన్ని దేని మీద వేయించాలన్నది అప్పుడు మొదలైంది. కోరుట్లలో ఫొటో కాగితమైతే పన్నెండు బై పద్దెనిమిది అంగుళాలు దాటదు. మిలమిల మెరిసే కాగితం మీద ట్యూబులైటు పడితే గుట్ట కనిపించదు, లైటే కనిపిస్తుంది. మెరుపు లేని మ్యాట్ కాగితం మంచిదే, కానీ చుట్ట చుట్టి సామానుల కింద కుక్కితే పగులుతుంది. అసలు సంగతి అది కాదు. ఆ సైజు నా మనసుకు ఆనలేదు. రెండేళ్లు నన్ను పనికిమాలినవాడి కింద జమ కట్టిన అన్నకు గుట్ట అంటే ఏందో చూపెట్టాలనుకున్నాను. చిన్నగ పంపు అని ఆయన అన్నది మొహమాటానికి అనుకున్నాను.

బట్ట మీద వేస్తే ఎట్లా ఉంటుందని సిరిసిల్ల పోయాను. బస్సులు లేవు, బండి మీదే పోయాను. కరెంటు కోతకు మరమగ్గాల సాంచెలు ఆగిపోయి ఊరు ఊరంతా చప్పుడు లేకుండా ఉంది. ఒక షెడ్డులో మాత్రం చేత్తో జెండాలు, కండువాలు అచ్చు వేస్తున్నారు. నా ఫొటో చూసి ఆ అచ్చు పనాయన తల అడ్డంగా ఊపాడు.

"మా తాన ఒక్క రంగుకు ఒక్క ఫ్రేము సారూ. మీ చెల్కల ఎన్ని పచ్చలున్నయో ఎన్నడన్న లెక్కవెట్టిన్రా?"

లెక్క పెట్టలేదు. ఆయనే మళ్లీ, బట్ట అయితే అంచులకు పోగులు లేస్తాయి, నాలుగు దిక్కులా కుట్టించుకోవాలి అని కూడా చెప్పాడు. జెండాలకు నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఇక మిగిలింది ఫ్లెక్సీ. నాకు ఫ్లెక్సీ అంటే చిరాకు. ఆ ప్లాస్టిక్కు, ఆ రంగుల మందు వాసన, దాని మీద దండలు వేసుకొని నవ్వే ముఖాలు. కానీ ఎంత సైజు కావాలంటే అంత వస్తుంది, తడికి చెడదు, మడత పెట్టినా పగలదు, కత్తిరించినా పోగు లేవదు. జగిత్యాలలో నాకు తెలిసిన ఫ్లెక్సీ షాపు ఉంది. అక్కడికి పోతుంటే దారిలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బండి ఆపి, అన్నం తిననిదే పోనియ్యమన్నారు. నడి రోడ్డు మీద బాసింపట్టు వేసుకొని తిని, రెండు నినాదాలిచ్చి కదిలాను. నాకూ తెలంగాణ కావాలి. కానీ ఆ పూట నాకు నాలుగింటి కరెంటు కోతలోపు షాపు చేరుకోవడం కావాలి.

షాపు ముందు మనుషులు గుంపుగా ఉన్నారు. అందరివీ దీక్షా శిబిరాల ఫ్లెక్సీలు, ర్యాలీల ఫ్లెక్సీలు, అన్నీ ఆ సాయంత్రానికే కావాలి. కంప్యూటరు ముందు కూర్చునే ఆపరేటరు ఎన్ని రోజులుగా నిద్ర పోలేదో, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"సైజు?"

"ఆరు బై నాలుగు. అడుగులు."

"సీనరీ ఆరడుగులా? బస్టాండుల కడ్తవా అన్నా?"

పెద్ద సీనరీని దూరం నుంచి చూస్తారు కాబట్టి అచ్చులోని రంగు చుక్కలు కలిసిపోతాయని, పది అడుగుల దూరం నుంచి చూస్తే కిటికీ తెరిచినట్టే ఉంటుందని అతనికి పాఠం చెప్పాను. అతను వినలేదు. ఫొటోను పెద్దది చేసి చూస్తూ కింద కుడి మూల దగ్గర ఆగాడు.

"గీడ ఎవలో నిలవడ్డరు."

అప్పుడు చూశాను. పసుపు సాలు చివర, ఎర్ర మట్టి మీద నల్లగా, పొడుగ్గా నా నీడ. మూడు కాళ్ల స్టాండు, దాని వెనక తల వంచుకొని కెమెరాలోకి చూస్తున్న నేను. కెమెరా వెనక చిన్న తెర మీద ఎండలో అది కనిపించలేదు. కొత్తగా కెమెరా పట్టుకున్నవాడు చేసే తప్పు అది.

"అది నేనే. తీసెయ్యి" అన్నాను.

సరే అన్నాడు. పక్క మట్టిని తెచ్చి దాని మీద పూశాడు, నీడ పోయింది. అంతలో కరెంటు పోయింది. జనరేటరు వేసి, ఎవరో తొందర పెడితే వాళ్ల శిబిరం ఫ్లెక్సీ వేసి, తర్వాత నాది వేశాడు. సరిచేసింది సేవ్ కాలేదు. మిషన్ లోంచి కుంట వచ్చింది, పసుపు సాళ్లు వచ్చాయి, చివరికి నా నీడ కూడా వచ్చింది. మళ్లీ వేయమని అడగడానికి నా వెనక నిలబడినవాళ్లు ఒప్పుకోలేదు. ఎల్లారెడ్డిపేట ఆయన మరునాడు పొద్దున్నే వేరేవాళ్లతో కలిసి వ్యాన్ మాట్లాడుకొని హైదరాబాద్ పోతున్నాడు. వాసన పోయేదాకా గాలికి పరిచి, చుట్ట చుట్టుకొని బయలుదేరాను.

దారిలో ఆగి అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, కింద కుడి మూలకు నా నీడ పడ్డది. చూడబుద్ధి గాదు. ఆ మూల కత్తిరించి పడెయ్యి."

"సరే తమ్మీ" అన్నాడు.

ఎల్లారెడ్డిపేట ఆయన ఆ చుట్టను విప్పకుండానే నిలువుగా పట్టుకొని తన భుజానికి కొలిచి చూశాడు. "గింత పెద్దగనా?" అన్నాడు. గోడకు పెద్దగుంటేనే మంచిగుంటది అని నేను చెప్పాను. ఆయన నా ముఖం వైపు కాసేపు చూశాడు. ఏదో చెప్పబోయి, పక్కన భార్యాపిల్లలు ఉండేసరికి మానుకున్నట్టున్నాడు. "అట్లనే తియ్, పట్టుకపోత" అని లోపల పెట్టాడు.

వారానికి అన్న ఫోన్ వచ్చింది.

"అచ్చింది తమ్మీ. మంచిగున్నది."

"గోడకు వెట్టినవా?"

"వెట్టిన."

"దూరం నుంచి చూడాలె అన్నా. దగ్గర నుంచి చూస్తె చుక్కలు కనవడ్తయి."

"సరే తీ" అన్నాడు. అంతే. ఆ ఫొటో కోసం నేను మూడు ఊళ్లు తిరిగితే ఒక్క మంచిగున్నది అన్న మాటతో సరిపెట్టాడని నాకు కోపం వచ్చింది. కానీ ఆ తర్వాత వారం వారం ఫోన్ చేసేవాడు. కుంటలో నీళ్లెన్ని ఉన్నయి, పసుపు ఎప్పుడు తవ్వుతున్నరు అని అడిగేవాడు. వీసా మాట మళ్లీ ఎత్తలేదు.

పసుపు తవ్వే రోజుల్లోనే వదిన ఫోన్ చేసింది. పొద్దున డ్యూటీకి లేపితే అన్న లేవలేదట. నిద్రలోనే గుండె ఆగిందట. వదిన ఏడుస్తూ చెబుతోంది, నేను ఊ కొడుతున్నాను. స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోకు ఒక పిలగాడు కూర్చొని ఉన్నాడు. ఫోన్ పెట్టేసి, గడ్డం పైకెత్తు అని చెప్పి అతని ఫొటో తీశాను. ప్రింటు తీసి, కత్తిరించి, కవర్లో పెట్టి ఇచ్చాను. తర్వాత షట్టరు దించాను.

అన్న శవపెట్టె రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు నాకు ఏమీ అనిపించలేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది, కానీ అనిపించలేదు. కాగితాల కోసం తిరిగాను, సంతకాలు పెట్టాను, అన్నం తిన్నాను. పోయిన మనిషికి ఊరి చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టడం అప్పటికి మా దగ్గర రివాజయింది. జగిత్యాల ఆపరేటరుకు ఫోన్ చేశాను.

"వెనక ఏం వెట్టాలె అన్నా? మీ చెల్క ఫైలు ఉన్నది, అది వెట్టన్నా?"

"వద్దు. మబ్బులు పెట్టు."

"సైజు?"

"ఆరు బై నాలుగు. నిలువుగ."

నాలుగు మూలలకు తాడు కట్టే రింగులు సరిగ్గా కొట్టమని కూడా చెప్పాను. గాలికి చినుగుతుంది కదా అని. నేను ఆలోచించింది అది ఒక్కటే. పెట్టె వచ్చిన రోజు ఊరంతా ఏడ్చింది, నేను టెంటువాళ్లతో మాట్లాడుతూ నిలబడ్డాను. నాకు రాయి గుండె అని ఎవరో అన్నారు. నాకూ అట్లనే అనిపించింది.

ఎనిమిది నెలలకు ఎల్లారెడ్డిపేట ఆయన సెలవు మీద వచ్చాడు. అన్న సూట్‌కేసు పట్టుకొని మా ఊరికి వచ్చాడు. వదిన, నేను ఎదురుగా కూర్చున్నాం. బట్టలు, చెప్పులు, బిడ్డ కోసం కొని పెట్టిన గౌను ఒకటి బయటికి వచ్చాయి. సీనరీ లేదు.

"సీనరీ గోడకే ఉన్నదా?" అని అడిగాను.

ఆయన వదిన వైపు చూసి తల వంచుకున్నాడు.

"రూంల ఎనిమిది మందిమి. కింద ఒక మంచం, మీద ఒక మంచం, గిట్ల నాలుగు జతలు. గోడ అంటె ఎవల మంచం కాడ వాళ్లకు గింతే" అని చేతులతో చూపించాడు. రెండడుగులు ఉంటుందేమో. "మీరు పంపింది ఏ గోడకు పట్టలే. ఆ దినం నేల మీద పరిచినం. నడువ జాగ లేకపాయె. అందరం మంచాల మీద కూసోని కిందికి చూసినం. శానసేపు చూసినం. తెల్లారి మీ అన్న కత్తెర తెచ్చి ఎనిమిది ముక్కలు చేసిండు. తలా ఒకటి. ఒకలకు గుట్ట, ఒకలకు కుంట. నాకు తాటిచెట్లు అచ్చినయి. అందరం తలాపు కాడ అతికిచ్చుకున్నం. ఇప్పటికీ ఉన్నయి."

నేను అన్నకు దూరం నుంచి చూడమని చెప్పాను. ఆ రూంలో దూరం అన్నదే లేదు.

"మరి అన్నది?"

"సూట్‌కేసుల వెడ్తె నలుగుతదని చేతి సంచిల తెచ్చిన" అని ఆయన చిన్న చుట్ట ఒకటి తీసి విప్పాడు. నాలుగు మూలలా టేపు పీకిన గుర్తులు ఉన్నాయి. పసుపు సాలు చివర, కొంచెం ఎర్ర మట్టి, మట్టి మీద నా నీడ.

"నీ చెల్క, నువ్వే ముందుగాల ఏరుకో అన్నం. గుట్ట తీసుకుంటడనుకున్నం. గీ మూలది తీసుకున్నడు. గిది మా తమ్ముడు అని కొత్తగ అచ్చినోళ్లకు చూపెట్టేటోడు. మాకైతె నల్ల మరక లెక్కనే ఉండేది. పండుకుంటె ముఖానికి, గోడకు జానెడే గద, ఏం కనవడ్తది."

ఆ ముక్క తీసుకొని ముఖానికి జానెడు దూరంలో పట్టుకున్నాను. చుక్కలు. నలుపు, ఎరుపు చుక్కలు. చెయ్యి బారుగా చాపితే నేను కనిపించాను, తల వంచుకొని కెమెరాలోకి చూస్తూ. మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాను.

"ఏమున్నది అండ్ల?" అని వదిన అడిగింది.

అన్న పోయిన ఇన్ని నెలలకు, పరాయి మనిషి ముందు, వదిన ముందు, ఆ ప్లాస్టిక్ ముక్కను ఛాతీకి పట్టుకొని ఏడ్చాను.